అందరికీ అన్నం పెడతానని మా అక్క మొక్కింది

మా అక్క కంటి ఆపరేషన్ ఉప్పల్‌లో జరిగింది. పొర తీయడమే కదా, పెద్ద విషయం కాదన్నాడు డాక్టరు. తీయించుకునేది తాను కాదు కనుక ఆయనకు కాలేదు. మెట్రో స్తంభాల కింద ఆటోలో తిరిగి వస్తున్నప్పుడు, కంటికి కట్టుతో ఉన్న అక్క నా మణికట్టు గట్టిగా పట్టుకుంది.

"తమ్మీ, ఎల్లమ్మకు మొక్కిన."

"మంచిదక్కా. ఏమని మొక్కినవు?"

"సూపొస్తే అందరికి అన్నం పెడ్తనన్న."

"అందరికంటే ఎవరికి?"

"అందరికంటే అందరికే. గదేం ప్రశ్నరా?"

కట్టు విప్పాక అక్క మొదట చూసింది మా హాల్లో పైకప్పు మూల ఉన్న బూజును. తర్వాత దాని పక్కన ఉన్న ఇంకో బూజును. మూడో దాని దగ్గరికి వచ్చేసరికి మా ఆవిడ లేచి వంటింట్లోకి వెళ్ళిపోయింది. చూపు వచ్చిందనడానికి ఇంకో రుజువు ఎవరూ అడగలేదు. ఇక మొక్కు తీర్చాలి.

మా బావ పోయినప్పటి నుంచి అక్క మా దగ్గరే ఉంటోంది. మేముండేది నాచారంలో, మందుల ఫ్యాక్టరీల మీదుగా గాలి వచ్చే వైపున, రెండో అంతస్తులో. మా ఊళ్ళో మాకు గడి, అంటే దొరల కోటలాంటి ఇల్లు, ఉండేది. ఇప్పుడు గోడలు కొన్ని ఉన్నాయి. మా తాత సాయంత్రం కూర్చునే అరుగు ఈ ఫ్లాటు మొత్తం కన్నా పెద్దదని నేను ఎవరితోనూ అనను. అడిగితే చెబుతాను. ఇంతవరకు ఎవరూ అడగలేదు.

మొత్తాన్ని చెప్పడానికి మన భాషలో మాటలకు కొదవ లేదు. సర్వం, సమస్తం, సకలం, యావత్తు, అఖిలం. ఇవన్నీ నాకు చిన్నప్పుడే పరిచయం. మా తాత భూములు కొన్నప్పుడు కాగితం మీద 'సర్వ హక్కులతో' అని రాయించాడట. మా నాన్న వాటిని అమ్మినప్పుడు కూడా 'సర్వ హక్కులతో' అనే రాశారు. ఆ మాట మా ఇంట్లోకి వచ్చినప్పుడు ఎంత గంభీరంగా ఉందో పోయినప్పుడూ అంతే గంభీరంగా ఉంది. అందువల్ల నాకు ఆ మాటలంటే గౌరవం. వాటిని ఊరికే వాడను. అక్క వాడింది, అదీ ఎల్లమ్మతో.

ఆ రాత్రి భోజనాల దగ్గర అందరూ అంటే ఎవరన్న చర్చ మొదలైంది. మా ఆవిడకు ఇందులో సందేహమే లేదు.

"అందరంటే మనోళ్ళు. మీ మేనత్త కొడుకులు, మా అన్నలు, బోడుప్పల్ల మా చిన్నమ్మ. పిలుస్తం, పెడ్తం, అయిపాయె."

"వాళ్ళు మొక్కకున్నా వచ్చి తింటరు," అంది అక్క. "గది చుట్టరికం. మొక్కెట్ల అయితది?"

"అయితే హైదరాబాదోళ్ళందరికి పెడ్తవా వదినా?"

"హైదరాబాదుకు అవతలోళ్ళు మనుషులు కారా?"

మా ఆవిడ నా వైపు చూసింది. ఇంట్లో పెద్ద మగవాణ్ణి నేను. తీర్పు నేనే చెప్పాలి. బాగా ఆలోచించాను. హద్దు లేకుండా అందరూ అంటే అందులో ఎవరూ నిలవరు. హద్దు ఎక్కడో ఒకచోట గీయాలి. హద్దులు గీయడం మా వంశానికి బాగా తెలిసిన పని. వాటిని నిలబెట్టుకోవడమే రాలేదు. ఈ బిల్డింగు ప్రహరీ గోడే హద్దు అన్నాను. ఈ కప్పు కింద పడుకునే ప్రతి మనిషీ, వాచ్‌మన్ ఇంటివాళ్ళతో సహా, అందరూ.

అక్క అన్నం కలుపుతూ తలూపింది.

"సరే. కాని ఒక్కరు తక్కువైనా గాదు తమ్మీ. మాటిచ్చిన. తక్కువైతే కన్ను మల్ల పోతది."

"అట్లెందుకు పోతుందక్కా?"

"ఇచ్చినామె తీసుకోలేదా?"

మర్నాటి నుంచి అక్క గోడ మీది క్యాలెండరు ముందు నిలబడి ఒక కన్ను మూసి, ఒక కన్ను తెరిచి చూసుకోవడం మొదలుపెట్టింది. నేను పక్కనుంచి వెళ్తుంటే "గిది ఆరా, ఎనిమిదా?" అని అడిగేది. ఎనిమిది అంటే, తనకు ఆరులా కనబడినందుకు ముఖం వాడిపోయేది. అక్కకు నిజంగా భయం పట్టుకుంది. ఆవిడ నాకన్నా చాలా పెద్దది. అమ్మ పోయాక నాకు తలంటి పోసిన మనిషి. ఆ మొక్కు తీరాలి, ఒక్కరూ తక్కువ కాకుండా తీరాలి. నాకు అంతే కావాలి.

ఇక పిలుపు. మా గడిలో విందు జరిగే ముందు రోజు ఊళ్ళో డప్పు వేయించేవారు. 'రేపు దొరవారింట్ల బువ్వ. ఎవ్వరింట్ల పొయ్యి ముట్టియ్యొద్దు' అని చాటేవారు. అంతే, మర్నాడు ఊరంతా వచ్చేది. అలాంటి పిలుపు అలవాటైన ఇంటివాణ్ణి నేను. బిల్డింగులో డప్పు లేదు కానీ ఫోన్లో గ్రూపు ఉంది. అందులో నేను శ్రద్ధగా ఇలా రాశాను: 'ఆదివారం మధ్యాహ్నం మా ఇంటి మొక్కు భోజనం. అందరూ రావాలి. ఆ రోజు ఎవరింట్లోనూ పొయ్యి వెలిగించకూడదు.'

వెంటనే బొటనవేళ్ళు వచ్చాయి. జోడించిన చేతులు వచ్చాయి. ఎవరో పువ్వు పంపారు. నాలుగో అంతస్తు అబ్బాయి ఒకడు 'గ్యాస్ లీక్ అయిందా అంకుల్?' అని రాశాడు. కాలేదని రాశాను. దానికీ బొటనవేలే వచ్చింది.

"గదేం పిలుపండి?" అంది మా ఆవిడ. "ఇంటింటికి పోవాలె, బొట్టు వెట్టి చెప్పాలె."

"మా ఇంట్లో పిలుపు వెళ్ళేది. మేం వెళ్ళేవాళ్ళం కాదు."

"గడిల సంగతి కాదు, నాచారంల సంగతి చెప్తున్న."

"ఎక్కడైనా అందరూ అంటే అందరూనే," అన్నాను. ఆ విషయంలో నేను తప్పు మాట్లాడలేదని ఇప్పటికీ అంటాను.

ఆదివారం పొద్దున్నే బోడుప్పల్ నుంచి వంటమాస్టరు వచ్చాడు. బండ్లన్నీ బయట పెట్టించి పార్కింగ్‌లో పొయ్యిలు పెట్టాం. పప్పు, గుత్తి వంకాయ, పచ్చిపులుసు, పులిహోర, గారెలు, పరమాన్నం. అక్క నల్లద్దాలు పెట్టుకుని గుండిగల మధ్య తిరుగుతూ మాస్టరుకు వంట నేర్పింది. ఆయన ముప్పూటలా వండి బతికే మనిషి అయినా ఓపికగా నేర్చుకున్నాడు. ఒక కుర్చీ మీద ఎల్లమ్మ పటం పెట్టి, అన్నీ ఆమె ముందు పెట్టి, హారతి ఇచ్చి, నేల మీద చాపలు పరిచి, విస్తళ్ళు వేసి, మేం నిలబడ్డాం.

ఎవరూ రాలేదు.

కాసేపటికి పై అంతస్తుల నుంచి కుక్కర్ల కూతలు వినిపించాయి. మొదట ఒకటి, తర్వాత దానికి జవాబిచ్చినట్టు ఇంకొకటి. పోపు వాసన మెట్ల మీదుగా దిగింది. ఎవరింట్లోనూ పొయ్యి ఆరినట్టు లేదు. మాస్టరు పైకి చూసి, నా వైపు చూసి, మర్యాదగా గరిటె కడుక్కున్నాడు.

ఫ్యాక్టరీలో నైట్ షిఫ్టు చేసి నిద్ర లేచిన, మా పక్క ఫ్లాటులో అద్దెకుండే కుర్రాడు బండి తాళం ఊపుకుంటూ దిగాడు.

"ఏం దావత్ అంకుల్? మస్తు వాసనొస్తుంది!"

"మీకేనయ్యా. కూర్చోండి."

"మాకా? మాకెవరు చెప్పిన్రు?"

"గ్రూపులో రాశాను కదా, అందరూ రావాలని."

"గది అందరికి పెట్టింది గదంకుల్," అన్నాడు అతను, చాలా న్యాయంగా. "నాకు చెప్పలే గదా!"

అందరూ. నాలో ఇంతకాలం గంభీరంగా నిలిచిన మాట అది. సముద్రమంత అనుకున్నాను, మనిషి తన ముఖం చూసుకుందామంటే దాంట్లో కనబడదట. అందరిలో తానున్నాడని ఆ కుర్రాడికి తెలుసు. కానీ తనకు పిలుపు రాలేదనీ తెలుసు. రెండూ నిజమే.

అక్క కుర్చీలో కూర్చుని ఖాళీ విస్తళ్ళ వైపు చూస్తోంది.

"తమ్మీ," అంది మెల్లగా. "మసక మసక కనవడ్తుంది."

మా ఆవిడ పైకి వెళ్ళి కుంకుమ భరిణె తెచ్చింది. నా ముందు నిలబడింది. నేను కండువా సరిచేసుకుని మెట్లెక్కాను. లిఫ్టు ఉంది, కానీ అలాంటి పనికి వెళ్ళేటప్పుడు మనిషి లిఫ్టులో వెళ్ళకూడదని అనిపించింది.

ఇతరుల గుమ్మం ముందు ఎలా నిలబడాలో నాకు తెలియదు. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో కూడా తెలియదు. మొదటి తలుపు తెరుచుకోగానే నేను గొంతు సవరించుకుని "మొక్కు" అన్నాను. ఆ ఇల్లాలు వెనక్కి తిరిగి, "ఏమయ్యా, ఎవరో చందాకొచ్చిన్రు" అని కేకేసింది. మా ఆవిడ నన్ను పక్కకు జరిపి, బొట్టు పెట్టి, "వదినా, భోజనానికి రావాలె, పిల్లలను తోల్కొని రాండ్రి" అంది. "అయ్యో, వస్తం వదినా, చెప్పొద్దా ముందుగల!" అంటూ ఆవిడ అప్పుడే పొయ్యి కట్టేసింది. ఇంత తేలిక పని అది.

పక్క తలుపులో లుంగీ కట్టుకున్న ఆయన నిజాయితీగా అడిగాడు. "చికెన్ వండినం సార్. మీ దగ్గరేమున్నది?"

"పప్పు, గుత్తి వంకాయ, పచ్చిపులుసు, గారెలు..."

"గారెలా?" అన్నాడు. వెనక్కి తిరిగాడు. "చికెన్ రాత్రికి పెట్టుండ్రి!"

పై అంతస్తులో ఒకావిడ బొట్టు పెట్టించుకుంటూనే నన్ను నిలదీసింది. "మొన్న మా బిడ్డ పుట్టినరోజుకు మీరెందుకు రాలే సార్?"

"గ్రూపులో పెట్టారు కదమ్మా. అది అందరికీ పెట్టింది, మాకు ప్రత్యేకంగా..."

మా ఆవిడ నా కాలు తొక్కింది. ఆ ఇంటావిడ నవ్వు ఆపుకుంటూ చెప్పులు వేసుకుంది.

అలా ఒక్కొక్క తలుపూ తెరుచుకుంది. మనుషులు చెంబులూ పిల్లలూ పట్టుకుని దిగారు. పై అంతస్తులో ఒక్క తలుపు మిగిలింది.

అందులో ఉండేది ప్రభుత్వ దవాఖానాలో హెడ్ నర్సుగా చేసి రిటైరైన ఆవిడ. బిల్డింగులో అందరూ ఆమెను సిస్టరమ్మ అంటారు. ఒక్కతే ఉంటుంది. తెల్ల చీర కట్టుకుని ప్రతి ఆదివారం చర్చికి నడిచి వెళ్తుంది. నడుం నాకన్నా నిటారుగా ఉంటుంది. ఆ సంగతి నేను మొదటి రోజే గమనించాను. ఆమె కూడా గమనించిందని తెలుసు. లిఫ్టులో ఇద్దరం ఎదురైతే ముందు ఎవరు పలకరించాలన్నది ఇన్నేళ్ళలో తేలలేదు.

తలుపు తెరిచింది. బొట్టు పెట్టడానికి మా ఆవిడ చెయ్యి చాచి, గుర్తొచ్చి, ఆ వేలిని తన నుదుటికే రాసుకుంది.

"భోజనానికి రావాలె సిస్టరమ్మా."

"అందరు దిగవట్టిన్రు, చూస్తనే ఉన్న," అంది ఆమె. "వంట మీ దేవతకు పెట్టిన్రా?"

"నైవేద్యం పెట్టామమ్మా," అన్నాను.

"అయితే నేను తినను దొరా. దేవతకు పెట్టింది మేము తినం. ఏమనుకోకుండ్రి."

ఆమె నన్ను దొరా అన్నది మొదటిసారి. మా ఊరి వైపు మనిషని మా ఆవిడ ఒకసారి చెప్పింది, నేను పట్టించుకోలేదు. నేను మొక్కు సంగతి చెప్పాను. ఒక్కరు తక్కువైనా అక్క కన్ను పోతుందని భయపడుతోందని, ఇప్పుడే మసక వస్తోందని చెప్పాను.

"మసకనా?" అంది సిస్టరమ్మ. ముఖం మారిపోయింది. "ఆపరేషనై ఎన్నొద్దులాయె? చుక్కల మందు టైముకు ఏస్తున్నరా?" జవాబు కోసం ఆగకుండా తలుపు వేసి, మాకన్నా ముందు మెట్లు దిగింది.

కింద వరసగా అందరూ కూర్చుని ఉన్నారు, అక్క ఆగమన్నందుకు విస్తళ్ళు మాత్రం ఖాళీగా. సిస్టరమ్మ నేరుగా అక్క దగ్గరికి వెళ్ళింది.

"ఏది, అద్దాలు తియ్యమ్మా."

అక్క తీసింది. సిస్టరమ్మ ఆ అద్దాలను వెలుగుకు పట్టి చూసింది. గారెల నూనె పొగ వాటి మీద మందంగా పట్టేసి ఉంది. కొంగుతో గట్టిగా తుడిచి మళ్ళీ పెట్టింది.

"ఇప్పుడు?"

అక్క తల తిప్పి ఆ చివరి నుంచి ఈ చివరి దాకా చూసింది. "ఆ మూలకు విస్తరి చినిగింది," అంది. "ఎవరు ఏసిన్రు?"

వరసలో కూర్చున్నవాళ్ళు నవ్వారు. అక్క నవ్వలేదు. సిస్టరమ్మ చేతిని పట్టుకుంది.

"నువ్వు తినకుంటే అందరు గాదు బిడ్డా."

"నన్ను తీసేసి అందరనుకో అమ్మా. మీ గడిల గట్లనే అనుకునేటోళ్ళు." ఆమె గొంతు పెంచలేదు. "ఊరందరికి బువ్వ అని మీ ఊళ్ళె డప్పు కొట్టింది మా తాతనే. మా నాయనమ్మ చెప్పేది. కొట్టినోనికి బువ్వ వెనక గోడ మీదికెళ్ళి వచ్చేది, గంపల."

గడికి వెనక గోడ ఉండేది. నేను దాని మీద ఎక్కి జామకాయలు తెంపాను. దాని అవతల ఎవరు నిలబడేవారో ఎవరూ నాకు చెప్పలేదు. నాకూ అడగాలని తోచలేదు. ఆ పార్కింగ్‌లో ఏదో ఒకటి అనవలసింది నేనే. కండువా మళ్ళీ సరిచేసుకున్నాను. అక్క నాకోసం ఆగలేదు.

"మాస్టరూ! కొత్త గిన్నెల బియ్యం పెట్టు, పప్పు పెట్టు. తల్లికి సూపియ్యొద్దు." తర్వాత లేచి వెళ్ళి, కుర్చీ మీది ఎల్లమ్మ పటాన్ని రెండు చేతులతో పట్టి లిఫ్టు వైపు తిప్పింది. "తల్లీ, జరసేపు అటు సూడు. ఇది మా ఇద్దరి సంగతి."

ఎల్లమ్మ లిఫ్టు వైపు చూస్తూ కూర్చుంది. సిస్టరమ్మ పెదవుల చివర ఏదో కదిలింది.

"సరే, తింట," అంది. "కాని మీరెక్కడ కూసుంటరు దొరా?"

"మేం అందరూ తిన్నాక పైన..."

"అంటే మీరు అందర్ల లేరా?"

అక్క నా వైపు తిరిగింది. శుభ్రంగా తుడిచిన అద్దాలు. "అవురా తమ్మీ! నువ్వు లెక్కకు రాకుంటే మొక్కెట్ల తీరుతది? కూసో."

మా తాత నలుగురిలో కూర్చుని తినగా ఎవరూ చూడలేదు. మా నాన్నను కూడా. నాకు కుర్చీ కావాలని అడగవచ్చు, మోకాళ్ళున్నాయి, వయసుంది. కానీ సిస్టరమ్మ అప్పటికే చీర కుచ్చిళ్ళు పట్టుకుని, ఎవరి చెయ్యీ అందుకోకుండా, నిటారుగా నేల మీదికి దిగుతోంది. ఆవిడ కింద కూర్చుంటే నేను కుర్చీలో ఎలా కూర్చుంటాను? నేనూ దిగాను. సగం దూరం వెళ్ళాక మోకాళ్ళు ఆగిపోయాయి. నైట్ షిఫ్టు కుర్రాడు ఒక రెక్క, లుంగీ ఆయన ఒక రెక్క పట్టుకున్నారు. "జర మెల్లగ అంకుల్, మెల్లగ, ఆ, దిగిండు!" అని పార్కింగ్ అంతా చప్పట్లు కొట్టింది. నేను నడుం వంచకుండానే కూర్చున్నానని మనవి.

కొత్త గిన్నెలో అన్నం ఉడికేదాకా ఎవరూ ముట్టలేదు. అందరూ ఆగారు. ఉడికాక అందరికీ వడ్డించారు. నాకూ సిస్టరమ్మకూ ఒకే గిన్నెలోంచి పప్పు పడింది.

"నాకు నైవేద్యంది పడాలి కదా?" అన్నాను మా ఆవిడతో, మెల్లగా.

"తల్లి అటు చూస్తుంది, తినుండ్రి," అంది మా ఆవిడ.

సిస్టరమ్మ మొదటి ముద్ద తీసుకుంది. అక్క ఊపిరి వదిలి, వరస చివరిదాకా వేలు చూపిస్తూ నడిచింది. ఉన్నారు. అందరూ ఉన్నారు. అప్పుడు గరిటె పట్టుకుని నిలబడ్డ మా ఆవిడ గట్టిగా అంది.

"అందరు కూసున్నరు సరే. వడ్డించెటోళ్ళు ఏ లెక్కల?"

అక్క ఆగింది. తానూ నిలబడే ఉంది. మాస్టరు నిలబడి ఉన్నాడు. నీళ్ళు పోస్తున్న వాచ్‌మన్ భార్య నిలబడి ఉంది. అందరూ ఒక్కసారే కూర్చుంటే పెట్టేవాళ్ళుండరు. పెట్టేవాళ్ళు నిలబడితే అందరూ కాదు. ఈ చిక్కు ఎల్లమ్మకు తట్టిందో లేదో నాకు తెలియదు. ఆమె ఇంకా లిఫ్టు వైపే చూస్తోంది.

"నేను తిన్నాక వడ్డిస్తాను," అన్నాను. ఆ మాట నా నోటినుంచే వచ్చింది.

మళ్ళీ రెండు రెక్కలు పట్టి నన్ను లేపారు. అక్క, మా ఆవిడ, మాస్టరు, వాచ్‌మన్ భార్య వరసగా కూర్చున్నారు. నేను జీవితంలో ఎవరికీ వడ్డించలేదు. పప్పు బకెట్టు అంత బరువుంటుందని తెలియదు. అక్క విస్తట్లో పప్పు, చీర మీద కొంత పప్పు పడ్డాయి. "సూసి ఎయ్యిరా, కండ్లు పొయ్యింది నాకా నీకా?" అంది అక్క. తిన్నవాళ్ళెవరూ పైకి వెళ్ళలేదు. చేతులు ఎండిపోతున్నా నిలబడి చూస్తున్నారు.

అక్క అన్నంలో పప్పు కలిపింది. ముద్ద నోట్లో పెట్టుకుంది. నమిలింది. ఆగి, మాస్టరు వైపు తిరిగింది.

"ఉప్పెయ్యలేదేందయ్యా పప్పుల?"

అందరూ తిన్న పప్పు అది. ఒక్కరూ చెప్పలేదు.